తాతయ్య మెడల్స్ ఉన్నాయి, కాగితాలు లేవు. సర్వీసు రికార్డు ఎక్కడ అడగాలి? (వైజాగ్)

పెదవాల్తేరు పిల్ల:
అందరికీ నమస్కారం. మా అమ్మ వాళ్ల నాన్నగారివి రెండు మెడల్స్ మా దగ్గర ఉన్నాయి. ఆయన నేవీలో చేశారని, 71 యుద్ధంలో ఉన్నారని, పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మునిగిన రాత్రి డ్యూటీలోనే ఉన్నారని ఇంట్లో పెద్దవాళ్లంతా చెబుతారు. తర్వాత డాక్‌యార్డ్‌లో సివిలియన్‌గా చేరి అక్కడే రిటైర్ అయ్యారు. డిశ్చార్జ్ బుక్ లేదు, నేవీ పెన్షన్ కాగితాలు అసలే లేవు. ఏ ఓడ మీద పనిచేశారో తెలుసుకోవాలంటే ఎవరికి రాయాలి?

మల్కాపురం మాజీ:
అమ్మా, నేవీలో సెయిలర్ల రికార్డులన్నీ ముంబై మాన్‌ఖుర్ద్, చీతా క్యాంప్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి. ఇక్కడ తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది కదా, దగ్గరలోనే పని అయిపోతుందని చాలామంది డాల్ఫిన్ హిల్ వైపు తిరుగుతారు. అక్కడ పని అవదు.

కానీ ముంబైకి ఉత్తరం రాసే ముందు ఒక పని చెయ్యి. మెడల్‌ని అంచు మీద నిలబెట్టి, పక్క నుంచి టార్చ్ వేసి చూడు. స్వాతంత్ర్యం తర్వాత ఇచ్చిన మన మెడల్స్‌కి అంచు చుట్టూ నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. నక్షత్రం ఆకారంలో ఉంటే వెనకవైపు చూడాలి. ఆ నంబరే ముఖ్యం. పేరు పట్టుకుని వెతికితే మన ఉత్తరాంధ్రలో అప్పలనాయుడులు, అప్పలస్వాములు ఎంతమంది తేలతారో నీకే తెలుసు. పైగా అప్పట్లో ఇంటిపేరు ఒక్కోసారి రాసేవారు, ఒక్కోసారి వదిలేసేవారు.

ఇంకో మాట. దయచేసి వాటిని తోమొద్దు. దసరాకి ఇత్తడి సామాన్లతో పాటు మెడల్స్‌ని కూడా చింతపండు, పీతాంబరి వేసి మెరిపించే ఇళ్లు చూశాను. అలా కొన్నేళ్లు రుద్దితే అక్షరాలు అరిగిపోతాయి.

సింధియా జంక్షన్:
నేరుగా ఆర్టీఐ పడేయండి. ఆన్‌లైన్‌లో పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈ మాత్రానికి టెన్షన్ ఎందుకు?

మల్కాపురం మాజీ:
తమ్ముడూ, ఆర్టీఐకి ముందు ఏ ఆఫీసుకో తెలియాలి కదా. పైగా వ్యక్తిగత సమాచారం అని ఆ చట్టంలోని 8(1)(జె) సెక్షన్ కింద తిప్పి పంపేస్తారు. మా వియ్యపురాలు వేసిన దరఖాస్తుకి ఒక ఆఫీసు నుంచి ఒక్క లైను జవాబు వచ్చింది, అంతే. వారసులం అని రుజువులు పెట్టి రికార్డ్ ఆఫీసుకి మామూలు ఉత్తరం రాయడమే మేలు. దానికి ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు ఆర్టీఐ.

పెదవాల్తేరు పిల్ల:
టార్చ్ వేసి చూశాను అంకుల్. రెండింటి మీదా ఒకటే నంబరు, ఏడు అంకెలు. తర్వాత ‘సి.ఎఫ్.ఎన్.’ అని, ఆయన పేరు, చివర ‘ఇ.ఎం.ఇ.’ అని ఉంది. పేరు ఇంటిపేరు లేకుండా ఉంది. ఒక మెడల్ రిబ్బన్ మీద అడ్డంగా చిన్న లోహపు పట్టీ, దాని మీద ‘హిమాలయ’ అని రాసి ఉంది. రెండోది 1965 రక్షా మెడల్ అనుకుంటా. సి.ఎఫ్.ఎన్. అంటే నేవీలో ఏ ర్యాంకు?

మర్రిపాలెం రిటైర్డ్:
నేవీలో అలాంటి ర్యాంకు లేదమ్మా. సి.ఎఫ్.ఎన్. అంటే క్రాఫ్ట్స్‌మన్. ఇన్‌ఫాంట్రీలో సిపాయి అంటారే, మా ఇ.ఎం.ఇ.లో అదే క్రాఫ్ట్స్‌మన్. ట్యాంకులు, లారీలు, తుపాకులు, వైర్‌లెస్ సెట్లు బాగుచేసే కోర్, అంటే ఆర్మీలో ఒక విభాగం, మాది. మీ తాతగారు ఆర్మీ మనిషి. వైజాగ్‌లో యూనిఫాం అంటే నేవీయే అనుకోవడం మనకి అలవాటు.

నీ అదృష్టం బాగుంది. ఇ.ఎం.ఇ. రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆర్మీకి ఒకచోట ఆఫీసు ఉండదు, ఏ కోర్‌కి ఆ కోర్ వేరు. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, మద్రాస్ సాపర్స్ (ఇంజనీర్ల దళం) అయితే బెంగళూరు. ఎయిర్‌ఫోర్స్ వాళ్లది ఢిల్లీ సుబ్రతో పార్క్.

ఇక మెడల్స్ ఏం చెబుతున్నాయో చూద్దాం. ‘హిమాలయ’ పట్టీ ఉన్నది సైన్య సేవా మెడల్. ఆ పట్టీని క్లాస్ప్ అంటారు. పనిచేసిన ప్రాంతాన్ని బట్టి ఇస్తారు, అంటే కొండల్లో సరిహద్దు డ్యూటీ చేశారన్నమాట. రక్షా మెడల్‌కి 1965 ఆగస్టు 5 నాటికి 180 రోజుల సర్వీసు ఉండాలి. వెనక్కి లెక్కపెడితే ఆ ఏడాది ఫిబ్రవరి మొదటి వారానికే ఆయన సైన్యంలో ఉన్నారు. 1965లో నిజంగా యుద్ధ ప్రాంతంలో ఉన్నవాళ్లకి సమర్ సేవా స్టార్ వేరుగా ఇచ్చారు. అది మీ దగ్గర లేదు.

అసలు విషయం ఇంకోటుంది. 71 యుద్ధం తర్వాత ఇచ్చిన సంగ్రామ్ మెడల్‌కి 1971 డిసెంబర్ 3 నుంచి 1972 డిసెంబర్ 20 వరకు తారీఖులు. ఆ మధ్యలో సర్వీసులో ఉన్నవాళ్లకి పోరాడారా, వర్క్‌షాపులో ఉన్నారా అని చూడకుండా ఇచ్చారు. 1972 ఆగస్టు 15కి సర్వీసులో ఉంటే పాతికేళ్ల స్వాతంత్ర్య మెడల్ కూడా వచ్చేది. మీ పెట్టెలో ఈ రెండూ లేవు. పోయి ఉండొచ్చు, కాదనను. కానీ రెండూ ఒక్కసారే పోవడం కన్నా ఆయన అప్పటికే బయటికి వచ్చేసి ఉండటానికే ఎక్కువ అవకాశం. డాక్‌యార్డ్‌లో ఎప్పుడు చేరారో అమ్మగారిని అడుగు.

భీమిలి గాలి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా ముత్తాతగారి తమ్ముడు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లి తిరిగి రాలేదట. ఆయన గురించి ఎక్కడ చూడాలి?

లైబ్రరీ పురుగు:
యుద్ధంలో చనిపోయినవాళ్ల సంగతి ఒక రకంగా సులువు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకండి. సమాధి లేనివాళ్ల పేర్లు కూడా రంగూన్ మెమోరియల్ లాంటి చోట్ల ఉంటాయి. మనవాళ్ల ఎంట్రీల్లో చాలావాటికి నంబరు, యూనిట్, తండ్రి పేరు, ఊరు కూడా ఇస్తారు.

జిల్లా దగ్గరే అందరూ తప్పిపోతారు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. కాబట్టి బొబ్బిలి మనిషైనా, చీపురుపల్లి మనిషైనా ‘వైజాగపటం’ (Vizagapatam) అనే పాత ఇంగ్లీషు స్పెల్లింగ్ కిందే ఉంటాడు. ‘విశాఖపట్నం’ అని కొడితే దొరక్కపోవచ్చు. ఊరి పేరుకి కూడా నాలుగైదు స్పెల్లింగ్స్ ప్రయత్నించండి.

మొదటి ప్రపంచ యుద్ధం గురించైతే నెట్‌లో పెద్ద రిజిస్టర్లు ఉన్నాయని ఎవరైనా చెబితే ఆశ పడకండి. అవి లాహోర్ మ్యూజియంలో దొరికిన పంజాబ్ రిజిస్టర్లు. మనవాళ్లు అందులో ఉండరు.

అనకాపల్లి బెల్లం:
మా పెద్ద తాత రాయల్ ఇండియన్ నేవీలో చేసి, 1946 తిరుగుబాటులో ఉద్యోగం పోగొట్టుకున్నాడని చెబుతారు. వైజాగ్‌లో కూడా సెయిలర్లు సమ్మె చేశారు కదా. అలాంటివాళ్లకి రికార్డు ఉంటుందా?

లైబ్రరీ పురుగు:
మీరు రెండు దారుల్లో వెతకొచ్చు. ఒకటి నేవీ బ్యూరో. రెండోది స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ ఫైళ్లు. కేంద్రం ఆ పెన్షన్‌కి గుర్తించిన ఉద్యమాల్లో 1946 నావికుల తిరుగుబాటు కూడా ఉంది. ఆయన ఎప్పుడైనా దరఖాస్తు పెట్టి ఉంటే, డిస్మిస్ ఉత్తర్వు నకలు అందులో జత చేసే ఉంటారు. కలెక్టరేట్‌లో అడగండి. వేరే చర్చ మొదలుపెడితే మంచిది, ఇక్కడ పెదవాల్తేరు అమ్మాయి ప్రశ్న పక్కకి పోతోంది.

పెదవాల్తేరు పిల్ల:
అమ్మని అడిగాను. 1970లో అమ్మ పుట్టేసరికే తాతయ్య డాక్‌యార్డ్‌లో ఉన్నారట! గాజీ రాత్రి డ్యూటీలో ఉన్న మాట నిజమే, కాకపోతే డాక్‌యార్డ్ షిఫ్ట్‌లో. పెద్ద చప్పుడు విన్నానని చెప్పేవారట. దాన్నే మావయ్యలు 71 యుద్ధం చేశారు. పెద్ద మావయ్య ఇంకా ఒప్పుకోవట్లేదు, మెడల్ మీద తప్పు చెక్కి ఉంటారని వాదిస్తున్నారు.

మర్రిపాలెం రిటైర్డ్:
మావయ్యగారితో గొడవ పెట్టుకోకు, కాగితం వచ్చాక ఆయనకే చదవడానికి ఇవ్వు.

ఇప్పుడు ఒక చిక్కు చెబుతాను. ఆయనకి ఆర్మీ పెన్షన్ రాలేదంటున్నావు. పెన్షన్ లేకుండా బయటికి వచ్చినవాళ్ల షీట్ రోల్‌ని, అంటే పూర్తి సర్వీసు కాగితాల కట్టని, 25 ఏళ్లు ఉంచి తర్వాత నాశనం చేస్తారు. కాబట్టి ఆయనది ఉండకపోవచ్చు. లాంగ్ రోల్ అనే రిజిస్టర్ మాత్రం ఉంచుతారు. నంబరు, పేరు, చేరిన తేదీ, బయటికి వచ్చిన తేదీ, కారణం లాంటి ముఖ్యమైనవి అందులో దొరుకుతాయి. అందుకే ఉత్తరంలో ‘సర్వీసు రికార్డు ఇవ్వండి’ అని ఊరుకోకు. ‘షీట్ రోల్ లేకపోతే లాంగ్ రోల్‌లోని వివరాలైనా ఇవ్వండి’ అని స్పష్టంగా రాయి. లేకపోతే ‘నాశనం చేశాం’ అని ఒక ముక్క రాసి ఫైలు మూసేస్తారు.

ఆయన మరణ ధ్రువీకరణ, అమ్మగారు ఆయన కూతురని చూపించే కాగితం, మెడల్ అంచు ఫొటో జత చెయ్యి. సంతకం అమ్మగారిదైతేనే బాగుంటుంది.

మల్కాపురం మాజీ:
ఆయన డాక్‌యార్డ్‌లో చేరిన మనిషి కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. సైన్యంలో పెన్షన్ రాకుండా బయటికి వచ్చి, తర్వాత కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగంలో చేరినవాళ్లు ఆ పాత సర్వీసుని సివిల్ పెన్షన్‌కి కలుపుకోవచ్చు. 2021 దాకా అమల్లో ఉన్న 1972 సి.సి.ఎస్. (కేంద్ర సివిల్ ఉద్యోగుల) పెన్షన్ రూల్స్‌లో అది 19వ రూలు. మీ తాతగారు అలా కలుపుకుని ఉంటే, ఆర్మీ రికార్డ్ ఆఫీసు ధ్రువీకరించిన తేదీలు డాక్‌యార్డ్ సర్వీస్ బుక్‌లో ఎక్కి ఉంటాయి. అమ్మమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ పీపీఓ, అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్, ఇంట్లో ఉందా? ఉంటే అందులో మొత్తం క్వాలిఫయింగ్ సర్వీసు (పెన్షన్‌కి లెక్కలోకి తీసుకున్న సర్వీసు) ఎన్నేళ్లో చూడు. డాక్‌యార్డ్‌లో చేసిన ఏళ్ల కన్నా ఎక్కువ ఉంటే ఆ తేడా ఆర్మీదే.

జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో కూడా ఒకసారి అడుగు. మాజీ సైనికుడిగా పేరు నమోదు చేసుకుని ఉంటే పాత రిజిస్టర్‌లో దొరకొచ్చు.

సింధియా జంక్షన్:
పీపీఓ ఐడియా అదిరింది గురువుగారూ. పోయిన మెడల్స్ మళ్లీ ఇస్తారా? ఆన్‌లైన్‌లో సెట్టు సెట్టుగా అమ్ముతున్నారు, కొని ఫ్రేమ్ కట్టించేయొచ్చు కదా.

మర్రిపాలెం రిటైర్డ్:
అర్హత ఉండి పోగొట్టుకుంటే రికార్డ్ ఆఫీసు ద్వారానే అడగాలి. ఆన్‌లైన్‌లో కొన్నవి నకళ్లు, లేదంటే ఎవరో ఇంకొకరి పేరున్నవి. ఆయనకి రాని మెడల్ ఆయన ఫొటో పక్కన పెట్టడం నాకైతే నచ్చదు. రిబ్బన్ చివికిపోతే మాత్రం కొత్తది వేయించుకోవచ్చు, యూనిఫాం సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. పాత రిబ్బన్ పారేయకుండా ఒక కవర్లో పెట్టుకోండి.

పెదవాల్తేరు పిల్ల:
పీపీఓ దొరికింది! డాక్‌యార్డ్‌లో ఆయన చేసిన ఏళ్ల కన్నా దాదాపు ఆరేళ్లు ఎక్కువ చూపిస్తోంది. అమ్మ సంతకంతో సికింద్రాబాద్‌కి స్పీడ్ పోస్ట్ చేశాను, లాంగ్ రోల్ మాట రాశాను. ఆ ‘హిమాలయ’ క్లాస్ప్‌తో ఏ వర్క్‌షాపులో ఉన్నారో తెలుస్తుందా అంకుల్?

మర్రిపాలెం రిటైర్డ్:
క్లాస్ప్‌తో ప్రాంతమే తెలుస్తుంది, యూనిట్ తెలియదు. అది షీట్ రోల్‌లోనే ఉంటుంది, కట్ట మిగిలి ఉంటే. ఆ రోజుల్లో ఆయన ఇంటికి రాసిన ఉత్తరాలు ఏమైనా ఉంటే వెతుకు. పంపినవాడి అడ్రసులో ఊరి పేరు ఉండదు, యూనిట్ పేరు, ‘కేరాఫ్ 56 ఏపీఓ’ లేదా ‘99 ఏపీఓ’ అని ఉంటుంది, ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఒక్క ఇన్‌లాండ్ లెటర్ దొరికినా చాలు, ఫొటో తీసి ఇక్కడ పెట్టు. వర్క్‌షాపు నంబరు నేను చదివి చెబుతాను.