మిత్రవదాగమః, శత్రువదాదేశః: కోడ్ లైబ్రరీలకి పనికొస్తుందా?

ప్రశ్న (మద్దిలపాలెం): విశాఖ రుషికొండ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ప్రోగ్రామింగ్ భాషను పెంచే ఓపెన్ సోర్స్ లైబ్రరీల (ఎవరైనా వాడుకునే రెడీమేడ్ కోడ్) తేడాలు చెబుతుంటే ఈ వ్యాకరణం మాట నోటికొచ్చింది. ఆగమం మిత్రుడిలా వచ్చి చేరుతుంది: మా + అమ్మ = మాయమ్మ. ఉన్నదేదీ పోలేదు, యకారం వచ్చింది. ఆదేశం ఉన్నదాన్ని తోసేస్తుంది: వాడు + కొట్టె = వాడుగొట్టె. ఈ లెక్కన జావాలో మెథడ్లు తనే చేర్చిపెట్టే లాంబాక్ లైబ్రరీ ఆగమమే అన్నాను. మీరేమంటారు?

సీతమ్మధార: ఆగమమే మాస్టారూ. ఫీల్డు మీద గెటర్ యానొటేషన్ (ఆ ఫీల్డు విలువ ఇచ్చే మెథడ్ కావాలని చెప్పే గుర్తు) పెడితే కంపైలయ్యేటప్పుడు ఆ మెథడ్ వచ్చి చేరుతుంది. మనం రాసింది చెరగదు. ఆదేశమంటే జావాస్క్రిప్టులో కొత్త రకం కోడ్‌ని పాత రకంలోకి మార్చే బేబెల్. యారో ఫంక్షన్ తీసేసి ఆ చోట మామూలు ఫంక్షన్ పెడుతుంది, పాత బ్రౌజర్లకి అర్థమవ్వాలని. అందులో శత్రుత్వం ఏటుందండీ?

ఎంవీపీ కాలనీ: శత్రువు అనలేదు కదండీ, శత్రువత్ అన్నారు. తోసేసే తీరుకే పోలిక. నాకు ఒప్పనిది లాంబాక్‌ని మిత్రుడనడం. జావాలో యానొటేషన్ ప్రాసెసింగ్ ఉన్నది కొత్త ఫైళ్లు పుట్టించడానికి. ఉన్న క్లాసుని మార్చే దారి అందులో లేదు. లాంబాక్ కంపైలర్ లోపలికి చెయ్యి పెట్టి ఆ పని చేస్తుంది. అందుకే 2021లో జావా 16 ఆ లోపలి భాగాలకి గడియ పెట్టేసరికి పాత లాంబాక్ వెర్షన్లు పనిచెయ్యలేదు. అదే జావా 16లో రికార్డులు (డేటా పట్టుకోడానికి భాషలోనే ఉన్న క్లాసులు) స్థిరపడ్డాయి. విలువలు మారని డేటా క్లాసులకైతే లాంబాక్ అక్కర్లేదిక.

తేదీలూ సమయాలూ చూసే జోడా-టైమ్ లైబ్రరీని చూడండి, కంపైలర్ జోలికే పోలేదు, అన్నీ మామూలు క్లాసులే. ఆ అనుభవంతోనే 2014లో జావా 8లోకి కొత్త టైమ్ ప్యాకేజీ వచ్చింది. ఇప్పుడు జోడా వాళ్లే అటు మారిపొమ్మంటున్నారు! మిత్రుడంటే అది.

మద్దిలపాలెం: మరి పాత బ్రౌజర్లలో లేని జావాస్క్రిప్టు మెథడ్లు అందించే కోర్-జేఎస్?

సీతమ్మధార: రెండూనండి. బ్రౌజర్లో మెథడ్ లేకపోతే చేరుస్తుంది. ఉండీ తప్పుగా పనిచేస్తుంటే దాన్ని తీసి తనది పెడుతుంది. సరిగ్గా ఉంటే ముట్టుకోదు. 'వాడుగొట్టె'కి వర్తించే గసడదవాదేశ సూత్రంలో 'బహుళం' అన్నట్టే, ఒకచోట అవుతుంది, ఒకచోట అవదు.

మద్దిలపాలెం: బాగుంది. లాంబాక్ సంగతి తేల్చండి, రేపు పిల్లలు అడుగుతారు.

ఎంవీపీ కాలనీ: ఆగమమనే చెప్పండి. యడాగమానికి సూత్రముంది, దీనికి జావాలో సూత్రం లేదు కాబట్టి పక్కన 'అసాధువు' (సూత్రానికి ఒప్పనిది) అని కూడా రాయండి. పాత కోడ్‌లో ఉన్నదాన్ని మాత్రం కెలక్కండి.