కొనచూపులకు అంటిన నెత్తురు: అన్నమయ్య చరణంలో బాణం ఎక్కడుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అన్నమయ్య 'ఏమొకో చిగురుటధరమున' కీర్తనలో ఈ చరణం గురించి అడుగుతున్నాను.

కలికి చకోరాక్షికిఁ గడకన్నులు గెంపై తోఁచిన
చెలువంబిప్పుడిదేమో చింతింపరే చెలులు
నలువునఁ బ్రాణేశ్వరుపై నాఁటిన యా కొనచూపులు
నిలువునఁ బెరుకఁగ నంటిన నెత్తురు గాదు గదా

మా అమ్మాయి సంగీతం క్లాసులో నేర్చుకుంటూ 'ఎవరి నెత్తురమ్మా ఇది?' అని అడిగింది. ఇక్కడ చూపులంటే మన్మథబాణాలే అని ఎవరో చెప్పగా విన్నాను. కానీ చరణంలో బాణం అన్న మాటే లేదు, మన్మథుడూ లేడు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు

మీ అమ్మాయి అసలైన ప్రశ్నే అడిగిందండీ. నెత్తురు స్వామిది, అంటే నాయిక ప్రాణేశ్వరుడైన వేంకటేశ్వరుడిది.

ముందు మాటలు చూద్దాం. కడకన్నులు అంటే కంటి కొనలు. అవి కెంపెక్కి ఉన్నాయి. ఈ ఎరుపు ఎక్కడిదో ఆలోచించండే అని చెలులు ఒకరినొకరు అడుగుతున్నారు. నలువున అంటే నేర్పుగా, చక్కగా. ఆమె తన ప్రాణేశ్వరుడి మీద కొనచూపులు నేర్పుగా నాటింది. తర్వాత వాటిని నిలువునా పెరికింది. పెరికినప్పుడు వాటికి అంటుకుని వచ్చిన నెత్తురే ఈ ఎరుపు కాదు కదా అంటున్నారు. చూపులు తిరిగి కళ్లలోకే వచ్చాయి కనుక ఎరుపు కంటి కొనల్లో కనిపిస్తోంది.

బాణం అన్న మాట లేదన్నారు, నిజమే. అమ్ము, తూపు, కోల, శరం, వీటిలో ఏదీ లేదు. ఉన్నవి రెండు క్రియలు: నాటు, పెరుకు. బొమ్మంతా వాటి మీదే నిలబడింది. ఈ రెండూ పొలంలో జంటగా వాడే మాటలు. నారుమడిలో నారు పెరికి, దమ్ము చేసిన మడిలో నాటుతారు. అన్నమయ్య వరస తిప్పాడు. ముందు నాటడం, తర్వాత పెరకడం. ఆ వరసలో వినగానే అది నారు కాదని, ఒంట్లో దిగిన అమ్ము అని మనసుకు తట్టేస్తుంది. 'చూపులనే బాణాలు' అని రూపకం కట్టి ఉంటే ఇంత పదును వచ్చేది కాదని నా అభిప్రాయం.

'మన్మథబాణాలే' అన్న వ్యాఖ్యతో మాత్రం నేను ఏకీభవించను. ఈ చరణం గొప్పతనమంతా అందులో మన్మథుడు లేకపోవడమే. అలా ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

వలపు పుట్టించే బాణం మనకు అథర్వవేదంలోనే ఉంది. 3వ కాండలో 25వ సూక్తం ఒక వశీకరణ మంత్రం. 'ఇషుః కామస్య యా భీమా తయా విధ్యామి త్వా హృది', అంటే కాముడి భయంకరమైన బాణం ఏది ఉందో దానితో నీ గుండెల్లో కొడుతున్నాను అని ఒక పురుషుడు ఒక స్త్రీని ఉద్దేశించి అంటాడు. రెండో మంత్రంలో ఆ బాణం తయారీ ఉంది: 'ఆధీపర్ణాం కామశల్యాం ఇషుం సంకల్పకుల్మలామ్'. దాని ఈకలు ఆధి, అంటే మనోవ్యథ. ములికి, అంటే మొన, కామం. ములికిని పుల్లకు బిగించే చోటు సంకల్పం. పువ్వులు లేవు, చెరకువిల్లు లేదు. నిజమైన బాణం ఎలా కడతారో తెలిసినవాడు మనసును ముక్కలు చేసి బాణంగా బిగించాడు. తర్వాతి మంత్రంలో ఆ బాణం కడుపులోని ప్లీహం అనే అవయవాన్ని ఎండగొడుతుందని ఉంది. ఆ పైన, ఆమె నోరెండిపోయి తన దగ్గరికి రావాలని కోరతాడు.

అది చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆమెకు ఇష్టమా కాదా అన్న మాటే అక్కడ లేదు. ఆమెను అశక్తురాలిని చేసి రప్పించుకోవాలి, అంతే. అక్కడి నుంచి అన్నమయ్య చరణానికి రండి. విల్లు స్త్రీ చేతికి వచ్చింది. గాయపడినవాడు తిరువేంకటపతి. మధ్యలో మంత్రం లేదు, మన్మథుడు లేడు. ఆమె చూపు, ఆయన గుండె. కొట్టినదీ ఆమే, పెరికినదీ ఆమే.

మరొక సభ్యుడు

మాస్టారూ, బాగా చెప్పారు. మరి పంచబాణాల సంగతి? అరవిందం, అశోకం, చూతం, నవమల్లిక, నీలోత్పలం అని చిన్నప్పుడు శ్లోకం బట్టీ పట్టాం. ఒక్కో పువ్వుకు ఒక్కో పని ఉందంటారు కదా.

జవాబు

ఉందండీ. ఉన్మాదనం, తాపనం, శోషణం, స్తంభనం, సమ్మోహనం. పిచ్చెత్తించడం, కాల్చడం, ఎండగట్టడం, కదలనీయకపోవడం, మైమరపించడం. ఏ పువ్వుకు ఏ పని అన్న జత మాత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అందుకని ఆ జత మీద పెద్ద సిద్ధాంతాలు కట్టకూడదు.

నాకు ముఖ్యంగా తోచేది వేరు. ఈ ఐదు పేర్లలో ప్రేమ పుట్టించడం అన్న అర్థం నేరుగా దేనికీ లేదు. సమ్మోహనం కొంచెం దగ్గరగా వస్తుంది. మిగిలినవన్నీ బాధల పేర్లే. శోషణం అథర్వవేదంలో ప్లీహాన్ని 'శోషయతి' అన్న మాట నుంచే వస్తున్నట్టు వినిపిస్తుంది. చేతికి పువ్వులు వచ్చాయి కానీ పని పాతదే. అందుకే ప్రబంధాల్లో నాయిక ప్రేమలో పడ్డాకనే మన్మథుడు ఎక్కువగా బాణాలు వేస్తాడు. విరహంలో ఉన్న పిల్లను చందమామ, మలయమారుతం, కోయిల కలిసి వేధిస్తుంటే ఆమె మరుణ్ణి తిట్టిపోస్తుంది. మన్మథోపాలంభనం అని దానికొక పేరే ఉంది.

పువ్వుల బాణాన్ని నిజంగా కళ్లకు కట్టించినవాడు కాళిదాసు. కుమారసంభవం 3వ సర్గలో వసంతుడు మామిడిపూతతో కొత్త బాణం తయారుచేస్తాడు. చిగురాకులే దాని ఈకలు. దాని మీద తుమ్మెదలను కూర్చోబెడతాడు, అవి మన్మథుడి పేరులోని అక్షరాల్లా ఉన్నాయట. యోధులు అమ్ముల మీద తమ పేర్లు చెక్కించుకునేవారు కనుక ఆ ఊహ.

అదే సర్గలో చాలామంది గమనించని విషయం ఒకటుంది. మన్మథుడు సమ్మోహనాన్ని వింట సంధిస్తాడు. శివుడి ధైర్యం కాస్త సడలుతుంది, 'కించిత్' అనే అన్నాడు కవి. ఆయన చూపు ఉమ ముఖం మీదికి వెళుతుంది. వెంటనే నిగ్రహించుకుని, ఈ వికారం ఎందుకు కలిగిందని దిక్కులు చూస్తే, విల్లు వలయంలా వంచి కొట్టబోతున్న మన్మథుడు కనిపిస్తాడు. 'ప్రహర్తుం అభ్యుద్యతం', కొట్టడానికి సిద్ధంగా ఉన్నవాడు. బాణం విడిచినట్టు కాళిదాసు చెప్పలేదు. 'కోపం ఆపు ప్రభూ' అని దేవతల మాటలు ఆకాశంలో ఉండగానే మన్మథుడు బూడిదయ్యాడు. మరి శివుడు ఎలా లొంగాడు? 5వ సర్గ చివర ఆయనే చెప్పాడు: 'తవాస్మి దాసః క్రీతస్తపోభిః'. నీ తపస్సు నన్ను కొనేసింది, ఇక నేను నీ దాసుణ్ణి అని. అమోఘమని పేరున్న బాణం వింటి మీదే ఉండిపోయింది, పార్వతి మాత్రం గెలిచింది.

మరొక సభ్యురాలు

ఇంగ్లీషులో క్యూపిడ్ బాణం కూడా ఇదే కదండీ? గుండె బొమ్మకు బాణం గుచ్చి వేస్తారు.

జవాబు

పోలిక ఉంది, తేడా కూడా ఉందమ్మా. రోమన్ కవి ఓవిడ్ ప్రేమదేవుడైన క్యూపిడ్‌కు రెండు రకాల బాణాలు ఇచ్చాడు. బంగారు ములికిది తగిలితే ప్రేమ, మొద్దుబారిన సీసపుది తగిలితే విముఖత. అపోలో దేవుణ్ణి బంగారంతో, డాఫ్నే అనే వనకన్యను సీసంతో కొడతాడు. అతడు వెంటపడతాడు, ఆమె పారిపోయి చివరికి చెట్టయిపోతుంది. మన ఐదింటిలో విముఖత పుట్టించే బాణం లేదు. ఇక షేక్‌స్పియర్ నాటకం 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో క్యూపిడ్ బాణం గురితప్పి ఒక చిన్న పువ్వు మీద పడుతుంది. ఆ పువ్వు రసం నిద్రపోయేవారి కళ్లలో పిండితే, లేవగానే ఎవరు కనిపిస్తే వారి మీద మోజు పుడుతుంది. మనకు పువ్వే బాణం, అక్కడ బాణం తగిలి పువ్వుకు శక్తి వచ్చింది.

మొదటి సభ్యుడు

చూపు బాణం కావడం అన్నమయ్యతోనే మొదలా మాస్టారూ?

జవాబు

కాదండీ. శంకరుల పేరున ఉన్న సౌందర్యలహరి 52వ శ్లోకం చూడండి. అమ్మవారి కళ్లు చెవుల దాకా సాగి ఉన్నాయి, చెవి దాకా లాగిన స్మరశరాల్లా, అంటే మన్మథుడి బాణాల్లా. రెప్పల వెంట్రుకలు బాణానికి ఈకలు. శివుడి మనసులోని శాంతిని చెదరగొట్టడం దాని 'ఫలం'. ఫలం అంటే ప్రయోజనమూ, బాణపు ములికీ. అథర్వవేదంలో ఈకలు మనోవ్యథ, కాళిదాసులో చిగురాకులు, ఇక్కడ కనురెప్పలు. 6వ శ్లోకం ఇంకా ముందుకు పోతుంది. పూలవిల్లు, తుమ్మెదల నారి, ఐదే బాణాలు, వసంతుడొక తోడు, మలయమారుతం రథం. ఇంత బలహీనమైన సరంజామాతో దేహం కూడా లేనివాడు జగత్తును ఎలా గెలుస్తున్నాడు? 'అపాంగాత్ తే', నీ కడగంటి చూపు వల్ల. అంటే మన్మథుడి బాణాలకు శక్తి వచ్చిందే ఆమె కొనచూపు నుంచి. లలితాసహస్రనామంలో చెరకువిల్లు, ఐదు బాణాలు ఏకంగా అమ్మవారి చేతుల్లోనే ఉన్నాయి: 'మనోరూపేక్షుకోదండా పంచతన్మాత్రసాయకా'. మనసే విల్లు. శబ్దం, స్పర్శ, రూపం, రసం, గంధం బాణాలు.

ఆ దారి అప్పటికే ఉంది. కానీ ఆ పద్యాల్లో ఎక్కడా నెత్తురు లేదు, పెరకడం లేదు. ఆ రెండూ అన్నమయ్య చరణంలో చూశాను.

మరొక సభ్యురాలు

నాకొక ఇబ్బంది ఉందండీ. శృంగారంలో నెత్తురు జుగుప్స అనిపించదా? రసభంగం కాదా?

జవాబు

కావాల్సిందే, ఇంకెవరైనా రాస్తే. ఇక్కడ మూడు జాగ్రత్తలు కనిపిస్తాయి. ముందు 'కెంపు' అన్నాడు. ఎరుపు కంటికి రత్నపు కాంతిలా కనిపించాకనే నెత్తురు మాట వస్తుంది. దాన్ని 'చెలువం' అనీ అన్నాడు, అంటే అందం. చివర 'కాదు గదా' అని సందేహంలోనే ఉంచాడు. చెప్పేది చెలులు, చూసేది కళ్లలో ఎరుపు మాత్రమే. గాయం మనకు చూపించలేదు. 'నెత్తురు' అన్న అచ్చతెలుగు మాటను 'రుధిరం'గా మార్చి చదివి చూడండి, యుద్ధభూమి వాసన వచ్చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా సంతోషమండీ. అమ్మాయికి చదివి వినిపించాను. 'నాటిన యా' దగ్గర 'యా' ఏమిటని అడుగుతోంది. 'నాటినయా' అని ఎవరినో పిలిచినట్టు పాడుతున్నారట.

జవాబు

అది పిలుపు కాదండీ. నాటిన + ఆ + కొనచూపులు. అచ్చు పక్కన అచ్చు వచ్చినప్పుడు మధ్యలో యకారం చేరింది, యడాగమం. 'నాటిన' దగ్గర కొద్దిగా ఆగి, 'యా కొనచూపులు' కలిపి పాడమనండి. అలాగే 'అంటిన నెత్తురు' విడగొట్టకూడదు. తాళం కోసం 'పెరుకగ నంటిన' దగ్గర ఊపిరి తీసుకుంటే అంటినది ఏమిటో వినేవారికి అందకుండా పోతుంది.