మడమ నొప్పి ఉండగా పరుగు కొనసాగించవచ్చా? (అరవై దాటినవారు చెప్పండి)

దూరభారం:
నా వయసు 63. అకిలిస్ టెండన్ (పిక్క కండను మడమ ఎముకకు కలిపే గట్టి నరంలాంటి పట్టీ) నొప్పి, మడమ ఎముకకు కాస్త పైన, కొన్నేళ్లుగా తగ్గుతూ తిరగబెడుతూ ఉంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే పట్టేస్తుంది, పరుగు మొదలయ్యాక సర్దుకుంటుంది, మర్నాడు మళ్లీ పలకరిస్తుంది. నొప్పి పదికి 5 దాటనంతవరకు పరుగు ఆపనక్కరలేదని ఫిజియో అంటున్నారు. ఈ వయసులో అది సబబేనా?

నిదానం:
సబబు కాదు. టెండన్‌కు రక్తప్రసరణ అసలే తక్కువ, వయసు మీదపడేకొద్దీ అది కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. నొప్పి పూర్తిగా పోయేదాకా పరుగు మానేసి ఈత కొట్టండి, సైకిల్ తొక్కండి. అయినా ఆ 5 ఎవరి 5? ఓర్చుకునేవాడికి 3 అనిపించేది మరొకరికి 7 అవుతుంది.

కొండగాలి:
నిదానం గారూ, టెండన్ విశ్రాంతితో గట్టిపడదు, క్రమంగా పెంచే బరువుతో గట్టిపడుతుంది. 2007లో సిల్బర్‌నాగెల్ బృందం ప్రచురించిన అధ్యయనంలో రెండు జట్లూ పిక్క వ్యాయామాలు చేశాయి. ఒక జట్టు 5 లోపు నొప్పితో పరుగు, గెంతులు కొనసాగించింది, రెండో జట్టు మొదటి 6 వారాలు వాటిని మానేసింది. ఏడాది తర్వాత చూస్తే కొనసాగించినవారికి నష్టమేమీ జరగలేదు. నియమం 5తో ఆగిపోదు: నొప్పి మర్నాటి పొద్దుటికల్లా దిగిపోవాలి, వారం వారం పెరగకూడదు.

నిదానం:
అందులో పాల్గొన్నవారిలో అత్యధికులు నడివయసువారు. పైగా 5ను ఎలా కొలుస్తారన్న నా ప్రశ్నకు మీరు జవాబివ్వలేదు.

గోరువంక:
కెనడా పరుగు వీరుడు ఎడ్ విట్లాక్ 2004లో, 73 ఏళ్ల వయసులో, మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేశారు. వయసును సాకుగా చూపకండి.

నిదానం:
మోకాళ్ల ఇబ్బంది వచ్చినప్పుడు ఆయన కూడా నెలల తరబడి పరుగు ఆపారు. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

మాత్రాబిళ్ల:
ఒక్క మాట. 60 దాటినవారికి సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్‌తో టెండన్ తెగే ముప్పు ఎక్కువ, స్టెరాయిడ్లు తోడైతే మరీ ఎక్కువ. మందు రాసే డాక్టరుకు మీ మడమ సంగతి ముందే చెప్పండి.

కొండగాలి:
కొలత సంగతి వదలండి, నా సంగతి వినండి. నొప్పి పూర్తిగా పోయేదాకా అడుగు వేయవద్దని ఒక డాక్టరు నన్ను కూర్చోబెట్టారు. నొప్పి పోలేదు సరికదా, పిక్క కండ కరిగిపోయి, ఒంటికాలి మీద మునివేళ్లపై ఒక్కసారి కూడా లేవలేని స్థితికి వచ్చాను. మీరు ఇప్పుడు ఈయనకు చెబుతున్నదీ అదే సలహా.

నిదానం:
నా అనుభవం మరోలా ఉంది. "ఈ నొప్పి మామూలే, పరుగెత్తండి" అని ఒక కోచ్ నెలల తరబడి నన్ను తోలారు, చివరికి టెండన్ తెగింది. ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటాను. మీకు కావలసింది ఆరోగ్యం కాదు, పాత టైమింగులు. దానికోసం ఇంకొకరి కాలు పణంగా పెట్టవద్దు.

కొండగాలి:
ఆ మాట అన్యాయం. నేను గడియారం చూడటం మానేసి చాలా కాలమైంది. ఈ వయసులో ఒకసారి ఆపితే మళ్లీ మొదలుపెట్టగలనన్న నమ్మకం నాకు లేదు. నలభైల్లో ఆపినవాడికి తిరిగి రావడానికి సమయముంటుంది, నాకు ఉండదు. నెమ్మదిగా, కొద్దిదూరమైనా పరుగెత్తుతూ ఉండటమే నాకు ముఖ్యం.

నిదానం:
నాకు నడక పోకుండా ఉండటం ముఖ్యం. మనం ఇంతసేపూ 5 గురించి వాదించుకున్నాం గాని, మీరు పోగొట్టుకోవడానికి భయపడేది వేరు, నేను భయపడేది వేరు.

దూరభారం:
నాకు రెండు భయాలూ ఉన్నాయి. రోజు విడిచి రోజు మాత్రమే, వాలు దారులు లేకుండా నెమ్మదిగా పరుగెత్తుతాను. మెట్టు అంచున మడమ దించి లేచే వ్యాయామం మానను. పరుగు తర్వాతి పొద్దున మొదటి అడుగులో నొప్పి మునుపటికంటే పెరిగితే దూరం తగ్గిస్తాను, వరుసగా పెరుగుతుంటే ఆపేస్తాను.

నిదానం:
ఆ పొద్దుటి లెక్క మీ ఒక్కరి చేతిలో ఉంచకండి. రాసి ఫిజియోకు చూపండి, ఆపమని చెప్పే అధికారం ఆయనకివ్వండి.

కొండగాలి:
ఆ ఒక్క విషయంలో నాకూ అభ్యంతరం లేదు. 5 మాత్రం మార్చను.