పొద్దున సిస్టం ఆన్ చేస్తే సీమాస్ ఎర్రర్, హార్డ్ డిస్క్ పోయినట్టేనా?

ప్రశ్న:
ఇంట్లో పాత అసెంబుల్డ్ డెస్క్‌టాప్ అండీ, కొన్నాళ్ళుగా రోజూ పొద్దున ఆన్ చేయగానే నల్ల స్క్రీన్ మీద సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డిఫాల్ట్స్ లోడెడ్, ప్రెస్ ఎఫ్1 అని వస్తోంది, ఎఫ్1 కొడితే విండోస్ వచ్చేస్తుంది గానీ తేదీ 2012 జనవరి 1 అని ఉంటుంది, క్రోమ్‌లో ఏ సైట్ తెరిచినా కనెక్షన్ సేఫ్ కాదంటుంది. మధ్యాహ్నం షట్‌డౌన్ చేసి మళ్ళీ పెడితే మాత్రం ఏ గొడవా లేదు. ఫొటోలు కాపీ చేద్దామని నిన్న పెన్‌డ్రైవ్ పెట్టి ఉంచా, ఇవాళ విండోస్ కూడా రాలేదు, రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్ అని ఆగిపోయింది. షాపతనికి ఫోన్ చేస్తే హార్డ్ డిస్క్ పోయింది, మార్చాల్సిందే అన్నాడు. పాప చిన్నప్పటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, చాలా భయంగా ఉంది.

జవాబు 1:
భయపడకండి, తేదీ వెనక్కి పోతోందంటే ముందు చూడాల్సింది మదర్‌బోర్డు మీది సెల్లు. తేదీ, సెట్టింగ్స్ గుర్తుంచుకునే చిన్న మెమరీనే సీమాస్ అంటారు, కరెంటు లేనప్పుడు దాన్ని నిలబెట్టేది ఈ సెల్లే. రూపాయి బిళ్ళలా గుండ్రంగా ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులు, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. ప్లగ్ పూర్తిగా పీకేసి, పక్కనున్న క్లిప్ నొక్కితే పైకి లేస్తుంది, కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. సైట్ల గోల కూడా తేదీ వల్లే, సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదనుకుంటుంది బ్రౌజర్.

జవాబు 2:
మీరు రాత్రిపూట స్విచ్‌బోర్డు దగ్గర ఆపేస్తారా? ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ షట్‌డౌన్ చేసినా మదర్‌బోర్డుకి స్టాండ్‌బై పవర్ అందుతుంది, సెల్లుతో పనిలేదు, అందుకే మధ్యాహ్నం ఎర్రర్ లేదు. స్విచ్‌బోర్డు దగ్గర ఆపాకే భారమంతా సెల్లు మీద పడేది.

ఇక ఇవాళ్టి ఎర్రర్‌కి ఆ పెన్‌డ్రైవ్ తీసి చూడండి. సెట్టింగ్స్ పోయినప్పుడు బూట్ ఆర్డర్, అంటే విండోస్ కోసం ఏది ముందు వెతకాలనే వరుస, కూడా మారవచ్చు, కొన్ని మదర్‌బోర్డులు యూఎస్‌బీనే ముందు చూసి అందులో విండోస్ లేక అక్కడే ఆగిపోతాయి. తీసినా రాకపోతే ఆన్ అవుతుండగా డిలీట్ కీ కొట్టి బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్) వెళ్ళి హార్డ్ డిస్క్ పేరు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపిస్తే బూట్ ఆర్డర్‌లో దాన్ని మొదట పెట్టండి, కనిపించకపోతే హార్డ్ డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ తీసి గట్టిగా పెట్టండి. బయాస్‌లో సాటా మోడ్ అనే సెట్టింగ్ ముందు ఎలా ఉందో తెలీకుండా మాత్రం మార్చకండి, మారితే విండోస్ రాకుండా బ్లూ స్క్రీన్ రావచ్చు. ఎవరు చెప్పినా ఫార్మాట్ చేయనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు:
పెన్‌డ్రైవ్ తీయగానే విండోస్ వచ్చిందండీ! అవును, రాత్రి స్విచ్‌బోర్డు దగ్గరే ఆపేస్తాం. ఫొటోలు కాపీ అవుతున్నాయి, సాయంత్రం సెల్లు తెస్తా. చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ.

జవాబు 1:
సెల్లు వేశాక బయాస్‌లో టైమ్ సెట్ చేసి ఎఫ్10 కొట్టి సేవ్ చేయండి, లేకపోతే ఆ ఎఫ్1 మెసేజ్ ఇంకోసారి వస్తుంది.