పాత డెస్క్‌టాప్‌కి 2 టీబీ హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీయా?

సీతమ్మధార_నాన్న:
మాది నాలుగో తరం ఐ5 కంప్యూటర్. కొత్తరకం డ్రైవులు దూర్చే ఎమ్.2 స్లాట్ లేదు, కేబుల్‌తో తగిలించే సాటా పోర్టులే. ఉన్న 500 జీబీ హార్డ్ డిస్క్ నిండిపోయింది. ఆన్ చేసి స్నానం చేసొచ్చినా విండోస్ ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. ఫొటోలు, తమ్ముడి పెళ్లి వీడియోలు కలిపి 400 జీబీ. ద్వారకానగర్‌లో షాపాయన పాతది ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేసి 2 టీబీ హార్డ్ డిస్క్ తీసుకోమంటున్నాడు. మా అబ్బాయేమో ఎస్ఎస్‌డీ (చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్) తప్ప ఇంకోటి వద్దంటున్నాడు. పెద్దవి రెండు కొనే బడ్జెట్ లేదు. ఏం చేయమంటారు?

గాజువాక_టెక్:
అబ్బాయి మాట వినండి సార్. విండోస్ తెరుచుకునేటప్పుడు ఎక్కడెక్కడివో వేల చిన్న ఫైళ్లు చదువుతుంది. హార్డ్ డిస్కులో ప్రతిసారీ హెడ్ కదలాలి, డిస్కు తిరిగి దాని కిందికి రావాలి. 7200 ఆర్‌పీఎమ్‌దైనా ఒక్కోసారికి పది మిల్లీసెకన్లకు అటూ ఇటూ పడుతుంది. ఎస్ఎస్‌డీలో కదిలేదే లేదు. సాటా కాబట్టి సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది గానీ, మీ పనికి అది చాలు.

పాత_మదర్‌బోర్డు (ఎంవీపీ కాలనీ):
వేగం గురించి గొడవే లేదు. ఫొటోల సంగతేంటి? హార్డ్ డిస్క్ చాలాసార్లు చెప్పి పోతుంది: టకటక చప్పుడు, కాపీ నత్తనడక, డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో పసుపు రంగు. ఎస్ఎస్‌డీ ఓ రోజు పొద్దున్న బయోస్‌లో (విండోస్‌కి ముందు వచ్చే సెట్టింగుల తెరలో) కనపడదు, అంతే. పొరపాటున డిలీట్ చేసిన ఫైలు కూడా ట్రిమ్ (డిలీట్ అయిన చోటుని ఎస్ఎస్‌డీ తుడిచేసే పని) నడిచాక దాదాపు దొరకదు. పైగా కరెంటు లేకుండా ఏడాది పెడితే ఎస్ఎస్‌డీ ఖాళీ అయిపోతుందట. 2014లో విశాఖలో హుద్‌హుద్ తుఫాను అప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్లం మనం.

గాజువాక_టెక్:
మాస్టారూ, ఆ ఏడాది లెక్క వాట్సాప్‌లో తిరిగి తిరిగి వంకరపోయింది. రాత పరిమితి మొత్తం వాడేసిన ఎస్ఎస్‌డీ కూడా 30 డిగ్రీల్లో, కరెంటు లేకుండా ఏడాది డేటా నిలపాలనేది జెడెక్ (చిప్పుల పరిశ్రమ సంస్థ) ప్రమాణం. కొత్తది అంతకంటే చాలా ఎక్కువే నిలుపుతుంది. హుద్‌హుద్‌ని ఇందులోకి లాగకండి.

లాసన్స్‌బే_ఉప్పుగాలి:
తర్వాత ఎవరో ఒకరు ఉప్పుగాలికి హార్డ్ డిస్క్ పాడవుతుందంటారు కాబట్టి ముందే చెప్తున్నా. మామూలు హార్డ్ డిస్కుకి గాలి రంధ్రం ఉంటుంది, దానికి ఫిల్టరూ ఉంటుంది. మా బీచ్ వైపు తుప్పు పట్టేవి బయటి కనెక్టర్లు. అవి ఎస్ఎస్‌డీకీ ఉన్నాయి.

నన్నడిగితే అసలు ప్రమాదం ఆ ఎక్స్‌ఛేంజ్‌లో ఉంది. మీ ఫొటోలకి ఇప్పుడున్నది ఒక్క కాపీ. పాత డిస్కు ఇచ్చేస్తే కొత్తదాంట్లోనూ ఒక్క కాపీయే. మీ ఇంటి ఫొటోలు ఎవరి చేతికో వెళ్లడం అదనం.

2 టీబీ మీద ఇంకో మాట. సీగేట్ కంపెనీ పెట్టిన పట్టిక ప్రకారం వాళ్ల డెస్క్‌టాప్ బర్రాకుడా హార్డ్ డిస్కుల్లో 1 టీబీ సీఎమ్ఆర్ (ట్రాకులు, అంటే డేటా రాసే గీతలు, విడివిడిగా ఉండేది), 2 టీబీ ఎస్ఎమ్ఆర్. ఎస్ఎమ్ఆర్‌లో ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. ఫొటోలు దాచుకోవడానికి పర్వాలేదు, విండోస్ వేస్తే నరకం. 2020లో వెస్ట్రన్ డిజిటల్ కంపెనీ కొన్ని ‘రెడ్’ మోడల్ డ్రైవుల్లో ఇది చెప్పకుండా వాడిందని పెద్ద గొడవే అయింది.

కాబట్టి చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి, 1 టీబీ సీఎమ్ఆర్ హార్డ్ డిస్క్ ఒకటి కొనండి. ఫొటోలు కొత్తదాంట్లోకి కాపీ చేసి, పాత 500 తీసి బీరువాలో పెట్టండి.

పాత_మదర్‌బోర్డు:
ఒప్పుకోను. అలసిపోయిన డిస్కుని బ్యాకప్ అనకండి. ముందు దాని రీఅలకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి పక్కన పెట్టిన చోట్లు) ఎన్నో చూడమనండి. సున్నా అయితేనే బీరువా. కాకపోతే ఎస్ఎస్‌డీ వాయిదా వేసి, ఆ డబ్బుతో ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనాలి. కంప్యూటర్ నిదానంగా నడిస్తే ఎవరూ చచ్చిపోరు.

గాజువాక_టెక్:
మాస్టారూ, ఆయన స్నానం చేసొచ్చినా తెరుచుకోవట్లేదు! ఇంకోటి సార్, నాలుగో తరానికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ డబ్బాలో ర్యామ్, గ్రాఫిక్స్ అంటూ ఇంకేం పెట్టకండి. డ్రైవులైతే రేపు కొత్త కంప్యూటర్‌లోకీ వస్తాయి.

సీతమ్మధార_నాన్న:
చూశాను. రీఅలకేటెడ్ సున్నా, రంగు నీలం, అంటే బాగున్నట్టే. ఎక్స్‌ఛేంజ్ వద్దని షాపాయనకి ఫోన్ చేసి చెప్పేశా. ఎస్ఎస్‌డీ 256 చాలా, 512 కావాలా?

లాసన్స్‌బే_ఉప్పుగాలి:
అబ్బాయి గేములు ఆడతాడా?

సీతమ్మధార_నాన్న:
చదువుకే అంటున్నాడు.

గాజువాక_టెక్:
512 తీసుకోండి సార్.