డెబ్బై దాటిన మనిషికి పాపక్షమాపణ ప్రార్థన చెప్పిస్తే చాలా?

పెన్నగట్టు: అందరికీ వందనాలు. పెద్దాయన బతుకంతా వడ్డీ వ్యాపారం. ఇప్పుడు ప్రభువును నమ్ముకుంటానంటున్నాడు. ప్రార్థన చెప్పిస్తే చాలా? పాత లెక్కలు ఏం చేయాల? మోకాళ్ల నొప్పులున్నాయి, బాప్తిస్మం ఎట్ల?

ఆదోని_అన్న: రోమా 10:9 చూడు. నోటితో ఒప్పుకోవాల, హృదయంలో నమ్మాల, అంతే. "నా వెనకే చెప్పు" అని కూటాల్లో చెప్పించే ప్రార్థన బైబిల్లో యాడా లేదు. చెప్పించు, తప్పులేదు, కానీ అది మంత్రం కాదు. పాపాన్ని పేరు పెట్టి చెప్పమను. "పాపిని" అని అందరూ అంటారు. "ఫలానా వాని కాడ నూటికి ఐదు గుంజినా" అనాలంటేనే గొంతు దిగదు.

కేసీకాలువ: బాప్తిస్మానికి ఆలస్యం చేయొద్దు. సుంకేసుల బ్యారేజీ నుంచి నీళ్లు వదిలినప్పుడే కాలువలో దిగాల. లైనింగ్ చేసినచోట పాచి పట్టి జారుతుంది, మట్టి రేవు చూసుకో. మొల లోతు చాలు. ముక్కుకు గుడ్డ, మెడ కింద ఒక చెయ్యి, మోకాళ్లు వంచమని ముందే చెప్పాల. కట్టె మాదిరి బిగుసుకుంటే పక్కకు పడిపోతాడు.

కడప_సీఎస్ఐ: ముంచితేనే బాప్తిస్మమా? లండన్ మిషన్ కడపకు 1822లో వచ్చింది. తరతరాలుగా చిలకరించినోళ్లంతా రక్షణ లేనోళ్లా?

కేసీకాలువ: అది మీ కడప మాట. కర్నూలులో బాప్టిస్టు మిషన్‌ది ముంచుడే. అపొ. కా. 8:38 చదువు, ఫిలిప్పు, నపుంసకుడు ఇద్దరూ నీళ్లలోకి దిగినారు. చెంబు నీళ్లకు దిగేదేముంది?

కడప_సీఎస్ఐ: 16వ అధ్యాయంలో చెరసాల నాయకుడు అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ తీసుకున్నాడు. ఆ వేళ ఏ కాలువ చూపిస్తావ్?

తొట్టిలెక్క: కాలువ ఎండితే కొట్లాట ఎందుకబ్బా. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల నీళ్లు, అంటే 2,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్‌లో సగం కూడా పట్టదు.

గుత్తికోట: నీళ్లు సరే, డబ్బుల సంగతి ఎవరూ చెప్పరే? సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, లూకా 19:8. ఈయనా ఇయ్యాల.

ఆదోని_అన్న: అది జక్కయ్య మనసుతో అన్నది, ఆజ్ఞ కాదు. లేవీ 6:5 ప్రకారం అసలు, దానిపైన ఐదో వంతు. 10,000 అన్యాయంగా లాక్కుంటే 12,000. నాలుగంతలు గొర్రె దొంగకు, నిర్గమ 22:1.

గుత్తికోట: బీదోని రక్తం పీల్చినోనికి 2,000 జరిమానాతో సరా? బాగుంది నీ దేవుని లెక్క.

కడప_సీఎస్ఐ: ముందు కట్టు, తర్వాత రక్షణ అంటే, కృపచేతనే రక్షణ అన్న ఎఫెసీ 2:8 ఎటుపోయె? "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నది జక్కయ్య పంచినాక కాదు, పంచుతానన్నప్పుడే.

మూలభాష: మూలభాష చదివినవాణ్ణి, వినండి. తిరిగిచ్చుడే మారుమనస్సయితే యేసును పట్టించిన యూదా కూడా ముప్పై వెండి నాణేలు తిరిగిచ్చినాడు. అక్కడ గ్రీకు మాట మెటామెలోమై, చేసినదానికి కుమిలిపోవడం. మెటనోయా వేరు, మనసే తిరగడం. గ్రీకు రాకుండా ఈ చర్చ దండగ.

ఆదోని_అన్న: గ్రీకు ఎందుకన్నా, మన తెలుగు బైబిల్లోనే యూదా "పశ్చాత్తాపపడి" అని, పేతురు బోధలో "మారుమనస్సు" అని ఉంది. అమ్మమ్మలకూ తెలిసిన తేడా.

నల్లమల77: అసలు సంగతి వదిలేసినారు. బాప్తిస్మం తీసుకున్న ఎస్సీలు బీసీ-సీ కిందికి పోతారు. సర్టిఫికెట్ గురించి ఎవరూ మాట్లాడరు.

నిర్వాహకుడు: దానికి వేరే చర్చ తెరవండి. కాలువ గొడవ కూడా ఇంతటితో చాలు.

గుత్తికోట: పెన్నగట్టూ, తీరిపోయిన ప్రామిసరీ నోట్లు పెట్టెలో ఉంటే వెనక "పూర్తిగా చెల్లు" అని తేదీతో రాసి సంతకం పెట్టించి, ఎవరి నోటు వాళ్ల చేతికి ఇప్పించు. ఊరికే చించితే చాలదు. అప్పు తీర్చినోని దగ్గర ఏ రుజువూ ఉండదు, రేపు కొడుకులు లెక్కపుస్తకం పట్టుకుని మళ్లీ అడుగుతారు.

పెన్నగట్టు: నోట్లు ఈ వారమే తీయిస్తా అన్నా. మోకాళ్ల సంగతి ఇంకా తేలలేదు. తొట్టిలో కుర్చీ వేయొచ్చా?

తొట్టిలెక్క: ప్లాస్టిక్ కుర్చీ వద్దు, తేలిపోతుంది. ఇనుప స్టూలు వెయ్యి, కాళ్లకు రబ్బరు బుషులు ఉండాల. కూర్చోబెట్టి ముందుకు వంచు, వెనక్కి కాదు.

కడప_సీఎస్ఐ: ముందుకు వంచినా చెల్లుతుందా, కేసీకాలువ బ్రదర్?