పొత్తులో ఉంటే జనసేన మన జిల్లాల్లో ఎదుగుతుందా?

గార వాసి:
2024లో టీడీపీ, బీజేపీలతో పొత్తులో జనసేన పోటీ చేసిన 21 అసెంబ్లీ సీట్లూ గెలిచింది. విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల దక్కింది. శ్రీకాకుళం జిల్లాలో 8 సీట్లుంటే ఒక్కటీ రాలేదు, ఎచ్చెర్ల బీజేపీకి పోయింది. ఇక్కడ జెండా మోసిన కుర్రాళ్లకి ఏటి మిగిలింది? ఈసారి విడిగా పోవాలంటాను.

రాజాం మాస్టారు:
టీడీపీ నుంచి విడిగా పోతే ఏమవుతుందో 2019లో చూశాం కదా బాబూ. రాజోలు ఒక్కటే, ఓట్లు 5.5 శాతం. రాష్ట్ర పార్టీగా గుర్తింపు రావాలంటే ఒక దారి 6 శాతం ఓట్లు, 2 సీట్లు. రెండూ అందలేదు. దాంతో జనసేన గుర్తు గాజు గ్లాసు ఫ్రీ సింబల్‌గానే, అంటే ఏ పార్టీకీ సొంతం కాని గుర్తుగానే ఉండిపోయింది. 2024లో జనసేన బరిలో లేని కొన్ని నియోజకవర్గాల్లో దాన్ని స్వతంత్రులకు ఇచ్చారు. సైకిలుకి వెయ్యాల్సిన ఓటరు గ్లాసు కనబడగానే దానికే నొక్కేస్తే నష్టం కూటమికే. హైకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. గుర్తింపు లేకపోతే నామినేషన్‌కి కూడా ఒకరి బదులు ఆ నియోజకవర్గ ఓటర్లే పది మంది ప్రతిపాదించాలి. 21 గెలిచాకే, 2025 జనవరిలో, ఈ బెడద తీరింది.

సోంపేట రైతు:
గుర్తు నిలబడింది సరే, బలమేదీ? టీడీపీకి 135 ఉన్నాయి, మెజారిటీకి 88 చాలు. ఈ 21 మంది లేకపోయినా ప్రభుత్వం పడదు. మన సర్దార్ గౌతు లచ్చన్న గారు నాయకుడిగా ఉన్న కృషికార్ లోక్ పార్టీ సంగతి మరవకండి. 1954లో మద్యనిషేధం మీద ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిందంటే, గీత కార్మికుల తరఫున ఆ పోరులో ముందున్నది ఆయన. 1955లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని 22 సీట్లు గెలిచారు. 196 మంది సభలో కాంగ్రెస్‌కే 119 వచ్చాయి. అవసరం తీరిపోయింది, పార్టీ అందులోనే కలిసిపోయింది. ప్రజారాజ్యం కూడా అంతే, 2009లో 18 మంది గెలిస్తే 2011లో విలీనం.

గజపతినగరం:
ముగ్గురూ ఎమ్మెల్యే సీట్ల చుట్టూనే తిరుగుతున్నారు. పార్టీ బతికేది మండలంలో. సర్పంచ్ ఎన్నికకి పార్టీ గుర్తు ఉండదు, ఎంపీటీసీ, జడ్పీటీసీలకి ఉంటుంది. అక్కడ బీ ఫారం (పార్టీ అభ్యర్థి అని ఇచ్చే పత్రం) ఎవరి చేతికొస్తే ఊళ్లో వాడి మాట చెల్లుతుంది. పొత్తు ఒప్పందంలో ముందే మండలాలవారీగా ఎంపీటీసీ వాటా రాయించుకోవాలి. ఆఖరి రోజు దాకా నాన్చితే మనవాడు రెబెల్‌గా వేస్తాడు, రెండు పార్టీల ఓటూ చీలుతుంది.

గార వాసి:
వాటా అడిగితే ఇస్తారా? బూత్‌లో మనిషి లేకుండా అడిగితే నవ్వుతారు.

గజపతినగరం:
అందుకే బూత్ నుంచే మొదలెట్టాలి. ప్రతి పోలింగ్ కేంద్రానికి ఒక ఏజెంటు, మార్చుకోడానికి ఇద్దరు. ఏజెంటుని నియమించే ఫారం 10 ముందురోజే నింపి సంతకం పెట్టించాలి. పోలింగ్ అయ్యాక 17సీ (పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం) నకలు తీసుకోకుండా కదలకూడదు. శ్రీకాకుళం జిల్లాలో సీటు లేకపోయినా ఏజెంట్ల జాబితా ఇప్పుడే తయారు చెయ్యొచ్చు. ఆ జాబితా బల్లమీద పెట్టి ఎంపీటీసీలు అడగండి.